ఇమ్యూనిటీ అంకెతో ఆయుష్షు లెక్కకట్టలేరు

నోటి క్యాన్సర్ వచ్చిన మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో అతని రోగనిరోధక కణాలే చెప్పేస్తాయన్న అభిప్రాయం కొన్నేళ్లుగా బలపడుతూ వస్తోంది. రక్తంలో ఫలానా కణాల నిష్పత్తి ఇంత దాటితే కష్టమని, కణితిలో ఫలానా ప్రొటీన్ కనిపిస్తే మంచిదని, కాదు చెడ్డదని చెప్పే పరిశోధనా పత్రాలు కుప్పలుగా వస్తున్నాయి. పత్రికల ఆరోగ్యం పేజీలు వాటిని ఇంకాస్త పెంచి రాస్తున్నాయి. కోవిడ్ తర్వాత ఇమ్యూనిటీ అన్న మాట వంటింటి దాకా వచ్చింది కాబట్టి జనానికీ ఈ వాదన ఇట్టే నచ్చుతోంది. ఒంట్లో శక్తి ఉన్నవాడు తట్టుకుంటాడు, లేనివాడు పోతాడు, ఆ శక్తి ఎంతుందో ఒక పరీక్ష చెప్పేస్తుందని నమ్మడం తేలిక.

ఈ నమ్మకం తప్పు. పైగా హాని చేసే తప్పు.

ఇమ్యూన్ వ్యవస్థకూ క్యాన్సర్‌కూ సంబంధం లేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కిడ్నీ మార్పిడి చేయించుకుని, ఇమ్యూనిటీని అణిచే మందులు ఏళ్ల తరబడి వాడేవారిలో పెదవి క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. కణితి లోపలికి సీడీ8 రకం టి-కణాలు బాగా చొచ్చుకెళ్లిన రోగులు సగటున ఎక్కువ కాలం బతుకుతున్నారని చాలా అధ్యయనాలు చూపాయి. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు టి-కణాలకు పడిన బ్రేకును తీసేసి, తిరగబెట్టిన తల-మెడ క్యాన్సర్లలో కొందరి ఆయుష్షును నిజంగానే పెంచాయి. ఇవన్నీ ఒప్పుకోవాల్సిన సంగతులే. పేచీ అంతా ఆ తర్వాతి మెట్టు దగ్గర వస్తుంది. వేలమంది సగటులో కనిపించిన ఒక ధోరణిని తెచ్చి, ఎదురుగా కూర్చున్న ఒక్క రోగి జాతకంగా చదివే దగ్గర.

ప్రపంచ క్యాన్సర్ గణాంకాలు కట్టే గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో లక్షా 43 వేల మందికి పైగా కొత్తగా నోటి క్యాన్సర్ బారిన పడ్డారు. దాదాపు 80 వేల మంది చనిపోయారు. భారతీయ మగవాళ్లలో మిగతా ఏ క్యాన్సర్ కన్నా ఇదే ఎక్కువ. ఇంతమంది ఇళ్లలో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "ఎన్నాళ్లుంటాడు డాక్టరు గారూ?" అని అడిగే ఉంటారు. ఆ ప్రశ్నకు ఏ ఆధారంతో జవాబు చెబుతున్నాం అన్నది చిన్న విషయం కాదు.

ఈ పరీక్షల్లో అన్నిటికన్నా చవకైనది, అందుకే అన్నిటికన్నా ఎక్కువ పత్రాలు పుట్టించినది న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి. దీనికి కొత్త పరీక్షేమీ అక్కర్లేదు. ఏ ఊరి ల్యాబులోనైనా చేసే సీబీపీ రిపోర్టు చాలు. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్స్ 14 శాతం అని ఉందనుకుందాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 5.6 వస్తుంది. చాలా అధ్యయనాల లెక్కన ఇది ప్రమాదకరమైన అంకె. ఇప్పుడు ఆ రోగి నోట్లోకి తొంగి చూడండి. దవడ పక్కన పుండు కుళ్లి వాసన వేస్తోంది. పుచ్చిన పన్ను కింద చీము పట్టింది. వారం రోజులు యాంటీబయాటిక్ వాడి, ఆ పన్ను తీసేసి మళ్లీ రక్తం తీస్తే న్యూట్రోఫిల్స్ 62, లింఫోసైట్స్ 30 ఉండొచ్చు. నిష్పత్తి 2.1కి దిగిపోతుంది. క్యాన్సర్ ఎక్కడిదక్కడే ఉంది. మొదటి అంకె చెప్పింది చీము గురించి.

ఇంకో సందర్భం చూడండి. కీమోతో వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు. ఆ స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది, లింఫోసైట్స్‌ను తగ్గిస్తుంది. రక్తం ఏ రోజు తీశారన్న దాన్ని బట్టి రోగి 'బతికే' గుంపులోంచి 'పోయే' గుంపులోకి మారిపోతాడు. జ్వరం, ఒత్తిడి, పొగతాగడం, ఆపరేషన్ గాయం అన్నీ ఈ నిష్పత్తిని కదిలిస్తాయి. పైగా కణితి పెద్దదైన కొద్దీ, పుండు పడిన కొద్దీ, ఇన్‌ఫెక్షన్ చేరిన కొద్దీ, తిండి తగ్గి మనిషి చిక్కిన కొద్దీ కూడా అది పెరుగుతుంది. అంటే వ్యాధి ఎంత ముదిరిందో దాన్నే ఇది మసకగా, అడ్డదారిలో చెబుతోంది. ఆ ముదురుదనాన్ని స్కానులో, బయాప్సీలో నేరుగా కొలిచే వీలున్నప్పుడు, ఉరుము విని ఏ చెరువు ఎంత నిండుతుందో చెప్పే ప్రయత్నం ఎందుకు?

ఈ వాదనను ఒప్పుకోనివారు చూపే పెద్ద ఆధారం ఒకటుంది. 2014లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో వెలువడే జర్నల్‌లో ఒక సమగ్ర విశ్లేషణ వచ్చింది. రకరకాల గడ్డ క్యాన్సర్లకు చెందిన 100 అధ్యయనాలను, 40,559 మంది రోగులను అది ఒకచోట చేర్చింది. ఈ నిష్పత్తి ఎక్కువున్నవారిలో మరణ ముప్పు 1.81 రెట్లని తేల్చింది. వినగానే ఇక వాదన ముగిసిపోయినట్లు అనిపిస్తుంది. ఆ అంకెను ఒక రోగి దగ్గరికి తీసుకెళ్లి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

లెక్క కోసం అనుకుందాం. నిష్పత్తి తక్కువున్న వందమందిలో 60 మంది అయిదేళ్లు బతుకుతారు. ముప్పు 1.8 రెట్లయితే, నిష్పత్తి ఎక్కువున్న వందమందిలో 40 మంది అయిదేళ్లు బతుకుతారు. గుంపుగా చూస్తే 60కీ 40కీ తేడా పెద్దదే, పరిశోధకుడికి పత్రం రాయడానికి సరిపోతుంది. కానీ 'మంచి' అంకె ఉన్న వందమందిలో 40 మంది పోయారు, 'చెడ్డ' అంకె ఉన్న వందమందిలో 40 మంది నిలిచారు. ఈ అంకెను నమ్మి జోస్యం చెప్పిన డాక్టరు ప్రతి పదిమందిలో నలుగురి విషయంలో తప్పు చెప్పాడు. బొమ్మాబొరుసూ వేస్తే పదికి అయిదు తప్పుతాయి. మెరుగు అంతవరకే. ఒక ఇంటిల్లిపాదీ తమ డబ్బును, ఆశను, మిగిలిన రోజులను ఈ మెరుగు మీద పెట్టాలని అడగడం అన్యాయం.

ఆ 1.81 అయినా నిఖార్సైనదా అన్నది వేరే ప్రశ్న. నిష్పత్తి ఎంత దాటితే ఎక్కువన్నట్లు? నోటి క్యాన్సర్ పత్రాల్లోనే ఒకరు 2 దగ్గర గీత గీస్తే మరొకరు 3 దగ్గర, ఇంకొకరు 5 దగ్గర గీశారు. చాలా సందర్భాల్లో ముందు రోగులు ఏమయ్యారో చూసి, ఆ తర్వాత తేడా ఎక్కడ బాగా కనిపిస్తుందో వెతికి, అక్కడ గీత గీశారు. దీని ప్రమాదాన్ని బ్రిటిష్ సంఖ్యాశాస్త్రవేత్త డగ్లస్ ఆల్ట్‌మన్, ఆయన సహచరులు 1994లోనే హెచ్చరించారు. అసలు ఏ సంబంధమూ లేని చోట పొరపాటున 'సంబంధం ఉంది' అని తేలే అవకాశం నూటికి 5 ఉండాల్సింది, ఇలా అనువైన గీతను వెతుక్కుంటే అది నూటికి 40 దాకా పోతుందని చూపించారు. ముప్పై ఏళ్లు దాటాయి. ఆ హెచ్చరిక చదవనట్టే పత్రాలు వస్తూనే ఉన్నాయి.

తల-మెడ క్యాన్సర్ల చరిత్రలోనే ఇందుకు ఒక పాఠం ఉంది. దాన్ని ఈ రంగంలో పనిచేసే ప్రతి విద్యార్థికీ చెప్పి తీరాలి. ఒకప్పుడు ఇమ్యూన్ కణాల స్థానంలో పీ53 అనే ప్రొటీన్ ఉండేది. అది దెబ్బతిన్న రోగులు త్వరగా పోతారని అధ్యయనాలు ఒకదాని మీద ఒకటి చెప్పాయి. 2005లో గ్రీస్‌కు చెందిన పానాయోటిస్ కైజాస్, జాన్ అయోనిడిస్ బృందం ఈ సాక్ష్యాన్ని తవ్వి చూసింది. అచ్చై, సూచికల్లో సులువుగా దొరికే 18 అధ్యయనాలను మాత్రమే కలిపితే మరణ ముప్పు 38 శాతం ఎక్కువగా కనిపించింది. అచ్చైనా శీర్షికలో, సారాంశంలో మరణాల ప్రస్తావన లేక వెతుకులాటలో దొరకని అధ్యయనాలను చేర్చితే అది తగ్గింది. పరిశోధకులకు రాసి, వాళ్ల దగ్గర అచ్చుకాకుండా ఉండిపోయిన వివరాలను కూడా తెప్పించి కలిపితే 16 శాతానికి దిగింది, సంఖ్యాశాస్త్ర పరీక్షకు నిలవలేదు. అదే బృందం 2007లో మరో సంగతి బయటపెట్టింది. 2005లో వచ్చిన క్యాన్సర్ జోస్య సూచికల పత్రాలు 1,575 పరిశీలిస్తే, అందులో 95 శాతానికి పైగా తమ సూచిక పనిచేస్తుందనే చెప్పుకొన్నాయి. ప్రకృతిలో ఇన్ని సూచికలు ఇంత నమ్మకంగా పనిచేయడం సాధ్యం కాదు. పనిచేయనివి బల్ల సొరుగుల్లో ఉండిపోయాయి, అంతే.

ఈ రోగానికి మందుగానే 2005లో 'రిమార్క్' అనే మార్గదర్శకాలు వచ్చాయి. గీత ముందే గీసుకోవాలి, ఎంతమంది రోగులు ఎందుకు జారిపోయారో చెప్పాలి, స్టేజీ లాంటి తెలిసిన అంశాలను పక్కన పెట్టి చూసినా ఈ సూచిక కొత్తగా ఏమన్నా చెబుతోందా అన్నది తేల్చాలి. ఒకే ఆస్పత్రిలో ఎనభై తొంభైమంది పాత రికార్డులు తిరగేసి రాసిన పత్రం ఈ ప్రశ్నలకు ఏం జవాబు చెప్పగలదు?

ఇక పీడీ-ఎల్1 సంగతి. రక్తపరీక్ష కన్నా దీనికి గౌరవం ఎక్కువ, ఎందుకంటే ఖరీదైన మందు దీని వెనకే వస్తుంది. కణితి కణాలు ఈ ప్రొటీన్‌ను పైన తొడుక్కుని టి-కణాలను ఆపేస్తాయి. బయాప్సీ ముక్కకు రంగు వేసి, పీడీ-ఎల్1 ఉన్న కణితి కణాలను, లింఫోసైట్లను, మాక్రోఫేజ్‌లను కలిపి లెక్కపెట్టి, మొత్తం బతికున్న కణితి కణాలతో భాగించి వందతో హెచ్చిస్తారు. దాన్నే సీపీఎస్ అంటారు. మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న పాథాలజిస్టుకు తెలుసు ఈ లెక్క ఎంత కష్టమో. కణితి కణమేదో దాని మధ్య దూరిన మాక్రోఫేజ్ ఏదో విడదీయాలి. కణితితో సంబంధం లేని వాపు కణాలను వదిలేయాలి. ముక్కలో కనీసం వంద కణితి కణాలైనా ఉండాలి. ఒకే కణితిలో ఒక అంచున తీసిన ముక్కకు 25 వస్తే, రెండో అంచున తీసినదానికి 3 రావచ్చు. వాడే యాంటీబాడీ మారితే రంగు పట్టే తీరూ మారుతుంది.

2019లో లాన్సెట్‌లో వచ్చిన కీనోట్-048 ట్రయల్ ఈ సీపీఎస్‌ను ప్రపంచమంతా వాడేలా చేసింది. తిరగబెట్టిన లేదా వ్యాపించిన తల-మెడ క్యాన్సర్లు ఉన్న 882 మంది అందులో పాల్గొన్నారు. సీపీఎస్ 20, ఆపైన ఉన్నవారిలో పెంబ్రోలిజుమాబ్ తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు, అంటే సగంమంది బతికున్న కాలం, 14.9 నెలలు. పాత పద్ధతి కీమో, సెటుక్సిమాబ్ తీసుకున్నవారికి 10.7 నెలలు. ఈ ఫలితం విలువైనదే. కానీ ఇది చెప్పేదేమిటి? ఫలానా మందు ఎవరికి ఎక్కువ పనికొస్తుందో చెబుతోంది. ఎవరు ఎన్నాళ్లు బతుకుతారో చెప్పడం లేదు. ఈ రెండు ప్రశ్నలను కలిపేయడమే ప్రస్తుత గందరగోళానికి మూలం. పీడీ-ఎల్1 ఎక్కువుంటే నోటి క్యాన్సర్ రోగి ఎక్కువ బతుకుతాడని చెప్పిన అధ్యయనాలున్నాయి, తక్కువ బతుకుతాడన్నవీ ఉన్నాయి, ఏ తేడా లేదన్నవీ ఉన్నాయి. అదే ట్రయల్‌లో సీపీఎస్ 1, ఆపైన ఉన్నవారు దాదాపు 85 శాతం. నూటికి 85 మందికి 'ఉంది' అని వచ్చే పరీక్ష మనిషికీ మనిషికీ మధ్య ఎంత తేడా చూపగలదు?

మందు విషయంలోనైనా సీపీఎస్ మాట ప్రతిసారీ నెగ్గలేదు. చెక్‌మేట్-651 ట్రయల్‌లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ కలిపి ఇస్తే, సీపీఎస్ 20 పైన ఉన్నవారిలో కూడా పాత చికిత్స మీద స్పష్టమైన ఆధిక్యం రాలేదు. కీమో-రేడియేషన్‌కు ఇమ్యూన్ మందును జోడించిన రెండు పెద్ద ట్రయల్స్, దాదాపు 700 మందితో జావెలిన్-100, 804 మందితో కీనోట్-412, రెండూ విఫలమయ్యాయి. అంతకు ముందు 2016లో చెక్‌మేట్-141 ఆధారంగా నివోలుమాబ్‌కు అమెరికాలో వచ్చిన అనుమతి పీడీ-ఎల్1 ఎంత అని అడగనే లేదు.

2025 సంగతేమిటని అడుగుతారు. అడగాలి కూడా. ఆ ఏడాది వచ్చిన కీనోట్-689లో 714 మందిలో దాదాపు సగం మందికి ఆపరేషన్‌కు ముందు, తర్వాత పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూశారు. వ్యాధి తిరగబెట్టకుండా, ముదరకుండా మూడేళ్లు గడిపినవారు 46.4 శాతం నుంచి 57.6 శాతానికి పెరిగారు. సీపీఎస్ 1, ఆపైన ఉన్నవారికి అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఇది నిజమైన ముందడుగు. కానీ గమనించండి, రోగులకు మేలు చేసింది మందు. ఆ మేలు ఆపరేషన్‌తో, సకాలంలో రేడియేషన్‌తో కలిసి వచ్చింది. పరీక్ష ఆ మందుకు దారి చూపే గుమస్తా పని చేసింది. ఆ పనికి దాన్ని వాడుకుందాం. దాన్ని తీసుకెళ్లి జ్యోతిష్కుడి పీట మీద కూర్చోబెట్టవద్దు.

మరో తప్పు ఇంకా లోతైనది, మన ప్రాంతానికి నేరుగా తగిలేది. పాశ్చాత్య దేశాల్లో ఇమ్యూన్ సూచికల మీద నమ్మకం పెరగడానికి ఒక పెద్ద కారణం హెచ్‌పీవీ వైరస్ వల్ల గొంతు వెనక భాగంలో, టాన్సిల్స్‌లో వచ్చే క్యాన్సర్లు. వాటిలోకి టి-కణాలు దండిగా చేరతాయి, రోగులు బాగా బతుకుతారు. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో హెచ్‌పీవీ ఉన్న గొంతు క్యాన్సర్ రోగుల్లో మూడేళ్లకు 82.4 శాతం మంది బతికుంటే, లేనివారిలో 57.1 శాతమే. తల-మెడ క్యాన్సర్లన్నీ ఒకే సంచిలో పోసి లెక్కలు కడితే ఈ ఒక్క గుంపే ఇమ్యూన్ సూచికలను గెలిపించేస్తుంది. మన దగ్గర దవడ లోపలి వైపు, చిగుళ్ల మీద వచ్చే క్యాన్సర్లు వేరే జాతివి. అవి గుట్కా, ఖైనీ, జర్దా, వక్క వల్ల వస్తాయి. ఉత్తరాంధ్రలో చుట్ట మండే కొనను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వల్ల అంగిలి మీద వస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిలి పరీక్షించి యెన్స్ పిండ్‌బోర్గ్, ఫలీ మెహతా, ప్రకాష్ గుప్తా బృందం 1971లోనే అడ్డపొగ చేసే కీడును అచ్చులో పెట్టింది. అమెరికాలో టాన్సిల్ క్యాన్సర్ వచ్చిన మనిషి ఇమ్యూన్ లెక్కను తెచ్చి, అడ్డపొగ తాగి అంగిలి పుండు పడిన శ్రీకాకుళం ముసలమ్మకు అంటగట్టడం శాస్త్రం అనిపించుకోదు.

ఆ హెచ్‌పీవీ కథలోనే ఇంకో హెచ్చరిక దాగుంది. ఈ రోగులు బాగా బతుకుతారని సూచిక చెబుతోంది కదా, చికిత్స తగ్గిద్దాం అనుకున్నారు. సిస్‌ప్లాటిన్ తీసేసి సెటుక్సిమాబ్ ఇచ్చి చూశారు. బ్రిటన్ నేతృత్వంలోని డీ-ఎస్కలేట్ ట్రయల్‌లో రెండేళ్ల మనుగడ 97.5 శాతం నుంచి 89.4కు పడిపోయింది. అమెరికా ట్రయల్‌లో అయిదేళ్ల మనుగడ 84.6 నుంచి 77.9కు పడింది. జోస్యం నిజమే. దాన్ని నమ్మి తీసుకున్న నిర్ణయం ప్రాణాలు తీసింది. సీడీ8 ఎక్కువుంది కాబట్టి మెడ ఆపరేషన్ వద్దనో, నిష్పత్తి చెడ్డది కాబట్టి కీమో దండగనో ఎవరైనా అంటే ఈ రెండు ట్రయల్స్ గుర్తుచేయాలి.

మరి పెద్దపేగు క్యాన్సర్‌లో ఇమ్యూనోస్కోర్ పనిచేస్తోంది కదా, నోటిలో ఎందుకు పనిచేయదు? ఇది ఎదుటివారి వాదనల్లో బలమైనది. జెరోమ్ గాలోన్ బృందం 2006లో మొదలుపెట్టి, కణితి మధ్యన, అంచున ఉండే సీడీ3, సీడీ8 కణాలను ఒకే పద్ధతిలో కంప్యూటర్‌తో లెక్కపెట్టి, 13 దేశాల్లోని 14 కేంద్రాల్లో 2,681 మంది రోగుల మీద పరీక్షించి 2018లో ఫలితం ప్రకటించింది. గీతలు ముందే గీసుకున్నారు. ఒక దేశంలో కుదిరింది మరో దేశంలో కుదురుతుందా అని చూశారు. పన్నెండేళ్ల పని అది. నోటి క్యాన్సర్‌లో అలాంటి పని జరగలేదు. జరిగితే, గుట్కా వల్ల వచ్చే దవడ క్యాన్సర్ల మీద, హైదరాబాద్, విశాఖ, ముంబై ఆస్పత్రుల రోగుల మీద జరిగి నిలబడితే, అప్పుడు ఈ వ్యాసంలోని అభ్యంతరంలో సగం తీసేయవచ్చు. వేరే అవయవంలో కుదిరింది కాబట్టి ఇక్కడా కుదిరిందని చెప్పుకోవడం కుదరదు. నోటి, గొంతు కణితుల్లో వింత ఫలితాలూ ఉన్నాయి. ఇమ్యూన్ స్పందనను అణిచేస్తాయని పేరున్న ఫాక్స్‌పీ3 కణాలు ఎక్కువున్న తల-మెడ క్యాన్సర్ రోగుల్లో వ్యాధి అదుపులో ఉండటం మెరుగ్గా ఉందని ఫ్రాన్స్ పరిశోధకులు 2006లో రాశారు. సిద్ధాంతం ప్రకారం తారుమారు కావాలి.

ఇంతకీ నోటి క్యాన్సర్ రోగి భవిష్యత్తు గురించి నమ్మకంగా చెప్పేది ఏమీ లేదా? ఉంది. ఆపరేషన్ అయిన వారం పది రోజులకు చేతికి వచ్చే హిస్టోపాథాలజీ రిపోర్టులో ఉంది. కణితి పై పొర నుంచి కిందికి ఎంత లోతు దిగిందో అందులో మిల్లీమీటర్లలో రాస్తారు. 5 మిల్లీమీటర్ల లోపా, 10 లోపా, దాటిందా అన్నదాన్ని 2018 నుంచి అమలైన క్యాన్సర్ స్టేజీల పుస్తకం ఏజేసీసీ ఎనిమిదో ఎడిషన్ స్టేజీ లెక్కలోకి తెచ్చింది. నాలుక మీద వెడల్పుగా కనిపించే పైపై పుండు కన్నా, చిన్నగా కనిపిస్తూ లోపలికి దిగిన పుండు ప్రమాదకరం. మెడలోంచి తీసిన గ్రంథులు ఎన్ని, వాటిలో ఎన్నింటికి క్యాన్సర్ పాకింది, గ్రంథి పెంకు పగిలి బయటికి వచ్చిందా అన్నది మరో వాక్యం. పెంకు పగిలి ఉంటే రేడియేషన్‌తో పాటు కీమో కూడా ఇవ్వాలని 2004లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ తేల్చాయి. కోసిన అంచు నుంచి కణితికి 5 మిల్లీమీటర్ల ఆరోగ్యకరమైన కండ ఉందా అన్నది ఇంకో వాక్యం. ఈ మూడు నాలుగు వాక్యాలకు ఉన్న బలం ఏ ఇమ్యూన్ అంకెకూ లేదు. పైగా వీటికి ఒక గుణం ఉంది: చదివిన వెంటనే డాక్టరు ఏదో ఒకటి చేయగలడు.

చేస్తే ఏమవుతుందో ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి 2015లో లోకానికి చూపింది. తొలి దశ నోటి క్యాన్సర్, మెడలో చేతికి గడ్డ తగలని రోగులను అనిల్ డిక్రూజ్ బృందం రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు నోటి ఆపరేషన్‌తో పాటే మెడ గ్రంథులూ తీసేశారు. రెండో గుంపులో మెడలో గడ్డ కనిపించినప్పుడే తీద్దామని ఆగారు. మొదట విశ్లేషించిన 500 మందిలో, ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు. ఆగినవారిలో 67.5 శాతం. పన్నెండున్నర శాతం తేడా! దశాబ్దాల వాదనకు ఆ ఫలితం తెర దించింది. ఏ పరీక్షా లేకుండా, సర్జన్ చేతితో సాధించిన తేడా అది.

అదే ఆస్పత్రి నుంచి ఇమ్యూన్ మందుల విషయంలో వచ్చిన ఫలితం కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మన ప్రాధాన్యాలు ఎక్కడ ఉండాలో అది చూపిస్తుంది. నివోలుమాబ్ మామూలు మోతాదు 240 మిల్లీగ్రాములు, రెండు వారాలకోసారి. ఈ అధ్యయనం జరిగేనాటికి దాని ధర లక్షల్లో ఉండేది కాబట్టి అవసరమున్న భారతీయ రోగుల్లో నూటికి ముగ్గురికి మించి అందేది కాదు. విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి, దానితో పాటు చవకైన మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు కలిపింది. నయం చేసే ఆశ లేని 151 మంది రోగుల్లో ఏడాది బతికినవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఇమ్యూనిటీ గురించి నిజంగా పట్టింపు ఉన్నవారు చేయాల్సిన పరిశోధన ఇది. ఎవరు పోతారో లెక్కపెట్టడం మీద పెట్టే శ్రమ, ఉన్న మందును పేదవాడికి ఎలా అందించాలన్న దాని మీద పెడితే ఎంత మేలో ఈ ఒక్క ట్రయల్ చెబుతోంది.

ఇంకా ముందుకు, అసలు క్యాన్సర్ ముదరకముందుకు వెళ్తే తేడా ఇంకా పెద్దది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన అధ్యయనంలో 13 పంచాయతీలను తీసుకున్నారు. ఏడింటిలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి టార్చిలైటు వెలుగులో నోరు తెరిపించి చూశారు. ఆరింటిని మామూలుగా వదిలేశారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని రెంగస్వామి శంకరనారాయణన్ బృందం 2005లో లాన్సెట్‌లో ప్రకటించింది. రక్తపు చుక్క తీయలేదు, ప్రొటీన్‌కు రంగు వేయలేదు. నోరు తెరిపించి తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఉందేమో చూశారు. మన దేశంలో సగానికి పైగా నోటి క్యాన్సర్ రోగులు ముదిరాకే ఆస్పత్రి గడప తొక్కుతున్నారు. నోరు సరిగా తెరుచుకోవడం లేదని, కారం తగిలితే మంటని నెలల తరబడి చెప్పుకొంటూ, పచారీ కొట్లో గుట్కా పొట్లం కొంటూనే వస్తారు. వాళ్ల ప్రాణం ఆ నెలల్లో జారిపోతోంది. న్యూట్రోఫిల్స్ లెక్కలో కాదు.

జోస్యం వినడానికి ఉచితమే అనిపించినా, దాని మూల్యం ఇంటివారు చెల్లిస్తారు. 'ఇమ్యూనిటీ తక్కువుంది, కష్టమే' అన్న మాట చెవిన పడితే, ముప్పై రోజులకు పైగా పట్టణంలో గది తీసుకుని రేడియేషన్‌కు తిరగడం ఎందుకని పల్లె కుటుంబం వెనక్కి తగ్గవచ్చు. ఎకరం అమ్మడం ఎందుకని అనుకోవచ్చు. లేదా 'అయితే ఇమ్యూనిటీ పెంచుదాం' అని పొడులు, కషాయాలు అమ్మేవాడి దగ్గరికి వెళ్లవచ్చు. పొడులతో న్యూట్రోఫిల్ నిష్పత్తి మారిందని సంబరపడే లోపు కణితి మెడలోకి దిగుతుంది. 'ఇమ్యూనిటీ బాగుంది' అన్న మాట మరో రకంగా దెబ్బతీస్తుంది. ధైర్యం వచ్చి ఆపరేషన్ వాయిదా వేసేవారుంటారు, ఖైనీ మళ్లీ నోట్లో వేసేవారుంటారు.

వైద్య కళాశాలల్లో పరిశోధనకు దారి చూపే ప్రొఫెసర్లు ఇకనైనా ఒక నిర్ణయం తీసుకోవాలి. ఒక్క ఆస్పత్రి రికార్డుల మీద, అనువైన చోట గీత గీసి రాసే ఇమ్యూన్ సూచికల థీసిస్‌లు ఆపించాలి. అదే విద్యార్థి, అదే రెండేళ్లలో, తన ఆస్పత్రికి వచ్చిన రోగుల్లో ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ మధ్య ఎన్ని రోజులు పోయాయో, ఎందుకు పోయాయో లెక్కపెడితే మనుషులు బతుకుతారు. పాథాలజీ రిపోర్టులో లోతు, గ్రంథులు, పెంకు పగలడం, అంచు అన్న గడులు ఖాళీ లేకుండా నింపించే బాధ్యత ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు తీసుకోవాలి. ప్యాకేజీ సొమ్ము విడుదలకు అదొక షరతు కావాలి.

ఇక రోగి ఇంటివారికి ఒక మాట. ఏ ఇమ్యూన్ పరీక్ష అంకెనూ ఆయుష్షుగా చదవకండి. పీడీ-ఎల్1 పరీక్ష ఏ మందు కోసం చేయిస్తున్నారో అడగండి, మందు ఆలోచన లేకపోతే ఆ పరీక్ష ఎందుకో అడగండి. హిస్టోపాథాలజీ రిపోర్టు తెచ్చుకుని అందులో ఎన్ని మిల్లీమీటర్ల లోతు ఉందో, ఎన్ని గ్రంథులకు పాకిందో డాక్టరు చేత చదివించుకోండి. రేడియేషన్ అవసరమని చెబితే, ఆపరేషన్ జరిగిన రోజు నుంచి ఆరు వారాల లోపు మొదలయ్యేలా తేదీ రాయించుకుని గానీ ఆస్పత్రి నుంచి బయటికి రాకండి.